పేరు పెట్టడానికి ఏడాది గడువుందని చెప్పేదెవరు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

వీడియో గేముల్లోని పాత్రల పేర్లను పిల్లలకు పెట్టుకుంటున్న తల్లిదండ్రుల గురించి పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. కొత్త పోకడ అంటూ వేడుకగా రాశారు కానీ, ఆ పేరు మోసే పిల్లకు బడిలో, ఆధార్ కేంద్రంలో ఏం జరుగుతుందో అందులో ఒక్క ముక్క కూడా లేదు. నాలుగు రోజులు ఆగి, ఇక ఆగలేక ఈ లేఖ రాస్తున్నాను.

మా తమ్ముడి మనవరాలు 2019లో నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది. డిశ్చార్జి నాడు కౌంటరు దగ్గర ఒక కాగితం చేతికిచ్చి, బిడ్డ పేరు గడి నింపితే తప్ప జనన వివరాలు పంపడం కుదరదన్నారు. అప్పటికి మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేని ఆ తండ్రి, తాను ఇష్టంగా ఆడే 'హొరైజన్ జీరో డాన్' అనే గేములోని కథానాయిక పేరు, ఏలోయ్ అని ఇంగ్లీషులో రాసిచ్చేశాడు. కృత్తిక నాలుగో పాదానికి 'ఏ' అక్షరమే వస్తుందని పురోహితుడు చెప్పడంతో పెద్దవాళ్లు కూడా సరేనన్నారు. ఇరవై ఒకటో రోజు బారసాలలో, పళ్లెంలో పరిచిన బియ్యం మీద ఉంగరంతో పేరు రాస్తూ, 'ఏ' రాసి, 'లో' రాసి, ఆ తరువాత ఏం రాయాలో తెలియక అతను నా వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన నేను కూడా ఆ పేరును తెలుగు అక్షరాల్లో చూడటం అదే మొదటిసారి.

జనన ధ్రువపత్రంలో ఇంగ్లీషు అక్షరాలతో పేరు సరిగానే వచ్చింది. ఆధార్ కార్డు తెలుగు వరుసలో మాత్రం 'అలాయ్' అని పడింది. నిరుడు జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చినప్పుడు బడి రిజిస్టరులో అది 'అల్లోయ్' అయింది. కార్లకు వేసే 'అల్లాయ్' చక్రాల మాటలా వినిపించే సరికి, తోటి పిల్లలు కారు చక్రం అని పిలుస్తున్నారని ఆ పసిది ఇంటికి వచ్చి ఏడ్చింది. తెలుగు అక్షరాలు దిద్దించడానికి మా తమ్ముడు మోకాళ్ల నొప్పులతో మూడుసార్లు ఆధార్ కేంద్రానికి తిరిగాడు. మొదటిసారి సర్వర్ పనిచేయడం లేదన్నారు. రెండోసారి, జనన ధ్రువపత్రంలో తెలుగు లేనప్పుడు ఏది సరైనదో మాకెలా తెలుస్తుందన్నారు. మూడోసారి టోకెన్లు అయిపోయాయి. 'జ్ఞానప్రసూన' వంటి పేరు 'గ్ననప్రసున' అని అచ్చయిన కార్డును నేను నా కళ్లతో చూశాను కనుక, ఇది గేము పేర్లకు మాత్రమే వచ్చిన కష్టమని ఎవరూ అనుకోవద్దు. హైదరాబాద్‌లో కూర్చుని, ఒక పేరును తెలుగులో తప్పు లేకుండా కొట్టగల మనిషిని కంప్యూటరు ముందు పెట్టుకోలేని పాలన మనది.

పేరు గేములో నుంచి రావడం నాకు అభ్యంతరం కాదు. వారపత్రిక సీరియల్ నాయిక పేరును మా నాన్న నాకు పెట్టాడు. లెనిన్, గగారిన్ అనే పేర్లున్న తెలుగువాళ్లు మనకు కొత్త కాదు. 1986లో వచ్చిన గేములోని జెల్డా పేరును హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ తన కూతురికి పెట్టుకున్నాడు. తల్లి లేని పిల్ల, తెగ వెలివేసినా విల్లు పట్టి నిలిచిందన్న ఏలోయ్ కథను మా పాప, తన తండ్రి దగ్గర విని, అందరికీ ఇష్టంగా చెబుతుంది కూడా. కానీ ఆ కథ తెలియకుండా, ధ్వని బాగుందని పెట్టేవాళ్లను చూస్తే భయమేస్తుంది. 2005లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్' గేములో కథానాయకుడు క్రేటోస్ మోసపోయి తన భార్యనూ కూతురినీ తన చేతులతోనే చంపుకున్నవాడు. గ్రీకులో ఆ మాటకు బలం అని అర్థం ఉందని మురిసిపోయి కొడుక్కి ఆ పేరు పెట్టే తండ్రి, రేపు ఆ పిల్లవాడు ఈ కథేమిటని అడిగితే ఏం చెబుతాడు? 2011లో 'స్కైరిమ్' గేము కంపెనీ, విడుదల రోజైన నవంబరు 11న పుట్టిన బిడ్డకు అందులోని 'డోవాకిన్' అన్న పేరు పెడితే తన గేములు ఎప్పటికీ ఉచితమని ప్రకటించింది. బిడ్డ పేరును ప్రచారానికి వాడుకోవడం నాకు ఏ మాత్రం నచ్చలేదు. పైగా గేముల ఆయుష్షు ఎంతని? 2020 సెప్టెంబరులో పబ్జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను కేంద్రం నిషేధించింది. పేరును అలా ఎవరు తీసేస్తారు? గేముల మీద అంత ప్రేమ ఉంటే, 'ఓవర్‌వాచ్' గేములో సిమెట్రా అనే పాత్ర అసలు పేరు సత్య. మన దేశంలోనే తయారై 2020లో వచ్చిన గేములో నాయిక పేరు రాజి. ఈ రెండూ ఏ గుమాస్తా అయినా తప్పు లేకుండా రాయగల పేర్లు.

అసలు నా బాధ ఆ డిశ్చార్జి కాగితం గురించి. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం పుట్టుకను 21 రోజుల్లో తెలియజేయాలి గానీ, పేరు అప్పుడే ఇవ్వాలని లేదు. 14వ సెక్షన్ కింద పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తరువాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల వరకు పేరు చేర్పించుకోవచ్చు. ఈ సంగతి ఆసుపత్రి వాళ్లు చెప్పరు, వార్డు కార్యాలయంలో అడిగితే తప్ప ఎవరూ నోరు విప్పరు. ఒకసారి ఎక్కిన పేరును మార్చాలంటే మాత్రం అఫిడవిట్లు, గెజిట్ అంటూ తిప్పుతారు. సవరించిన చట్టం 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక, ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటరు జాబితాకు, ఆధార్‌కు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. అంత బరువున్న కాగితం మీద పేరును, బిల్లు కట్టే హడావుడిలో, నిద్ర లేని మనిషి చేత రాయించుకుంటున్నారు.

నగరపాలక సంస్థనూ ఆరోగ్యశాఖనూ నేను అడిగేది ఒక్కటే. ఆసుపత్రులు ఇచ్చే ఆ కాగితంలో పేరు గడి కింద, "పేరు ఏడాదిలోపు ఇవ్వవచ్చు" అన్న వాక్యాన్ని తెలుగులో, ఉర్దూలో ముద్రించి, పక్కనే తెలుగులో పేరు రాయడానికి ఇంకో గడి పెట్టండి. ఆ వాక్యం 2019లో ఉండి ఉంటే మా పిల్ల తండ్రి బహుశా ఏలోయ్ అనే పేరే పెట్టేవాడు. కానీ దాన్ని తెలుగులో ఎలా రాయాలో బారసాలకు ముందే నా దగ్గర కూర్చుని తేల్చుకునేవాడు.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
నల్లకుంట, హైదరాబాద్