ఆరోపణ మొదటి పుటలో, వివరణ ఎక్కడ?

సంపాదకులకు నమస్కారములు.

కళాశాలల్లోని క్రైస్తవ విద్యార్థి సహవాసాల గురించి మీరు గత వారం మొదటి పుటలో ప్రచురించిన కథనాన్నీ, ఆ వెంట వరుసగా వచ్చిన లేఖలనూ చదివాక ఈ నాలుగు మాటలు రాయక తప్పలేదు. తరగతులు ముగిశాక ఒక గదిలో కూర్చుని బైబిలు చదువుకుని, ప్రార్థన చేసుకుని వెళ్లిపోయే విద్యార్థులు మీ విలేకరి కంటికి మెదళ్లు మార్చే ముఠాగా కనిపించారు. వారి చదువు చెడుతోందనీ, డబ్బు ఎక్కడినుంచో వస్తోందనీ కూడా రాశారు. అంత పెద్ద కథనంలో ఆ కూడికకు ఒక్కసారైనా వెళ్లి చూసిన మనిషి మాట ఒక్కటీ లేదు. పేరు వెల్లడించడానికి ఇష్టపడని ఒక విద్యార్థి, పేరు వెల్లడించడానికి ఇష్టపడని ఒక అధికారి మీకు సరిపోయారు. అవతలి పక్షాన్ని అడగని వార్తను డెస్కులోనే తిప్పి పంపే రోజులుండేవి. ఇప్పుడు 'వివరణ కోరగా అందుబాటులోకి రాలేదు' అనే ఒక్క వాక్యం అన్ని పాపాలనూ కడిగేస్తోంది.

కళాశాల యాజమాన్యం మీకంటే రెండడుగులు ముందే ఉంది. కథనం వచ్చిన మర్నాడే గది తాళం తీసుకున్నారు. ఫిర్యాదు ఏమిటని విద్యార్థులు అడిగితే విచారణలో ఉందన్నారు. విచారిస్తున్నది ఎవరని అడిగితే అది కూడా విచారణలోనే ఉన్నట్టుంది. హాస్టల్లో నీళ్లు రావడం లేదని విద్యార్థులు సంతకాలతో ఇచ్చే అర్జీలు ఏళ్ల తరబడి కదలవు గాని, సంతకం లేని కాగితానికి మాత్రం రాత్రికి రాత్రే కాళ్లు వస్తాయి.

ఇలాంటి నింద ఇప్పుడే పుట్టింది కాదు. 1729 ప్రాంతంలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, తర్వాత మెథడిస్టు క్రైస్తవ ఉద్యమానికి మూలపురుషులైన జాన్, చార్లెస్ వెస్లీ సోదరులూ వారి మిత్రులూ కలిసి చదువుకోవడం, ఉపవాసముండడం, ఆ తర్వాత చెరసాలలోని ఖైదీలను దర్శించడం మొదలుపెడితే తోటి విద్యార్థులు గేలి చేశారు. 1732లో వారిలో ఒకడైన విలియం మోర్గన్ జబ్బుపడి చనిపోగానే, ఆ ఉపవాసాలే అతణ్ణి బలిగొన్నాయన్న పుకారు లేచింది. జాన్ వెస్లీ ఊరందరితో వాదానికి దిగలేదు. అడిగే హక్కు అందరికంటే ఎక్కువగా ఉన్న మోర్గన్ తండ్రికే అక్టోబరులో సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. తాము ఏమేమి చేస్తున్నారో, ఖైదీలను చూడడానికి బిషప్పు సమ్మతి ఎలా తీసుకున్నారో, మోర్గన్ ఉపవాసాలు మానేసి అప్పటికే ఏడాదిన్నర అయిందన్న సంగతీ అందులో వివరించాడు. డిసెంబరులో 'ఫాగ్స్ వీక్లీ జర్నల్' అనే పత్రిక ఆ బృందాన్ని దుయ్యబడుతూ ఒక లేఖ వేసింది. పత్రికల తీరు అప్పుడూ ఇంతే కాబోలు. అయితే ఉత్తరం చదువుకున్న ఆ తండ్రి తన చిన్న కుమారుణ్ణి కూడా ఆక్స్‌ఫర్డ్‌కు పంపి వెస్లీ చేతిలోనే పెట్టాడు. ఆ చిన్నవాడు సైతం కొంతకాలానికి వెస్లీ మీద తండ్రికి ఫిర్యాదు రాశాడు, వెస్లీ మళ్లీ జవాబు రాసుకోవలసి వచ్చింది.

ఇలాంటి సహవాసాలకు చాలాకాలం సలహాదారుగా ఉన్నవాణ్ణి కనుక మావాళ్లకూ ఒక మాట చెప్పాలి. ఎవరు ఏ ప్రశ్న వేసినా దాన్ని విశ్వాసం కోసం పడే శ్రమల ఖాతాలో రాసుకుని, ఒక బైబిలు వాక్యం స్టేటస్‌గా పెట్టి ఊరుకోవడం మావాళ్లలో కొందరికి అలవాటైంది. సెలవు రోజుల్లో తన బిడ్డ ఏ శిబిరానికి వెళ్తోందని తల్లి అడగడం హింస కాదు. కానుకల లెక్క అడగడం అంతకంటే కాదు. తప్పు చేసి దెబ్బలు తింటే అందులో ఘనమేముందని క్రీస్తు శిష్యుడైన పేతురు బైబిలులోని తన మొదటి పత్రికలో, అంటే లేఖలో, సూటిగానే అడిగాడు. అపొస్తలుడు పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయం చూస్తే, చందా సొమ్ము విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని అతడు దాన్ని తానొక్కడే మోయక సంఘాలు ఎన్నుకున్నవారిని తోడుగా పెట్టుకున్నాడు. లెక్కల పుస్తకం, తల్లిదండ్రుల అనుమతి పత్రం, పరీక్షల ముందు శిబిరాలు పెట్టకూడదన్న నియమం ఉన్నచోట, నింద వచ్చిన రోజున వెతుక్కోవలసిన పని ఉండదు. ఇవి లేనిచోట వచ్చిన విమర్శలో సగమైనా న్యాయమైనదే.

అన్నీ సరిగా ఉన్నా నోరు మూసుకోవాలని, తనకు మరణశిక్ష వేసిన రోమా అధిపతి పిలాతు ముందు క్రీస్తు మౌనాన్ని చూపించే పెద్దలు కొందరున్నారు. అదే బైబిలులో ఫిలిప్పీ పట్టణపు న్యాయాధిపతులు పౌలునూ అతని తోటివాణ్ణీ విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి, తెల్లవారాక రహస్యంగా వెళ్లిపొమ్మంటే, పౌలు కదలక, వారే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకుపోవాలన్నాడు. వారు వచ్చి బతిమాలుకున్నారు కూడా.

అంతకంటే పెద్ద కోరిక మాకూ లేదు. విద్యార్థులు తమ వివరణను, లెక్కల నకళ్లతో సహా, ఇప్పటికే మీ కార్యాలయానికి అందజేశారు. దాన్ని లోపలి పుటల్లో వర్గీకృత ప్రకటనల పక్కన ఇరికించక, ఆరోపణ వేసిన మొదటి పుటలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయగలరు. యాజమాన్యం వారు ఫిర్యాదు ప్రతిని విద్యార్థులకిచ్చి, జవాబుకు గడువు పెట్టి, అంతవరకు గది తాళం తిరిగి ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు