రొయ్య సంపాదనలో రొయ్య పరిశోధనకు వాటా ఏది?

సంపాదకులకు నమస్కారం.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పటి నుంచి రొయ్య ధరల గురించి మీ పత్రికలో చాలా వార్తలు చదివాను. అవి అవసరమే. కానీ ధర ఎంత పలికినా, అమ్ముకోవడానికి చెరువులో సరుకు ఉండాలి. ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొగల్తూరు మండలంలో నాలుగెకరాల చెరువు చేస్తున్నాను. అందులో రెండున్నర ఎకరాలు కౌలు. మా నాన్నగారు టైగర్ రొయ్య వేసిన రోజుల్లో, 1995 ప్రాంతంలో, తెల్లమచ్చ రోగం వచ్చి ఒక్క పంటతో ఇల్లు తాకట్టుకు వెళ్లింది. 2009లో వనామి అనే విదేశీ రొయ్య జాతి దేశంలోకి వచ్చాక, నాలుగేళ్లు ఆగి, భయపడుతూనే నేను మళ్లీ చెరువులోకి దిగాను.

కిందటి వేసవి పంట నలభయ్యో రోజు వరకు బాగానే నడిచింది. ఒక తెల్లవారుజామున మేత ఎంత తిన్నాయో చూసుకునే చెక్ ట్రే పైకి లాగితే, ఒకే రోజు వదిలిన రొయ్య పిల్లల్లో ఒకటి నా చూపుడువేలంత ఉంది, దాని పక్కది అగ్గిపుల్లంత ఉంది. గాలి తోసుకువచ్చిన మూలన నీటి మీద తెల్లటి దారపు ముక్కలు తేలుతున్నాయి. మేము వైట్ గట్ అంటాం. దాని వెనుక చాలాసార్లు ఉండేది ఈహెచ్‌పీ. అది వైరస్ కాదు, బూజు జాతికి దగ్గరి సూక్ష్మజీవి. రొయ్య తలలోని జీర్ణగ్రంథిలో చేరి, తిన్న మేత ఒంటపట్టనివ్వదు. తెల్లమచ్చ వస్తే వారం తిరగకుండా చెరువు పోతుంది, కనీసం మేత ఖర్చు అక్కడితో ఆగుతుంది. ఈహెచ్‌పీ వస్తే రొయ్య చావదు, పెరగదు. అప్పు తెచ్చి మేత వేస్తూనే ఉంటాం. ఎనభై అయిదో రోజున 55 కౌంట్, అంటే కిలోకు 55 రొయ్యలు, వస్తుందనుకున్న చెరువులో 110 కౌంట్ పట్టాను.

పిల్ల కొన్నప్పుడు హేచరీ వారు ఇచ్చిన కాగితంలో ఈహెచ్‌పీ లేదని ఉంది. జబ్బు పడ్డ రొయ్యలను రెండు ప్రైవేటు ల్యాబులకు పంపితే ఒకరు ఉందన్నారు, ఒకరు లేదన్నారు. మందుల దుకాణంలో సలహా చెప్పే కుర్రవాడు మంచివాడే, కానీ అతని జీతం ఆ మందుల అమ్మకంలోనే ఉంది. అమ్మకంతో సంబంధం లేకుండా, చెరువు గట్టు మీదికి వచ్చి నిజం చెప్పే మనిషి మాకు ఎవరున్నారు?

2024-25లో మన దేశం 62,408 కోట్ల రూపాయల మత్స్య ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో శీతలీకరించిన రొయ్యలవే 43 వేల కోట్ల పైన. ఈ రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్ర చెరువులది. ఒక్క ఈహెచ్‌పీ వల్లే ఏటా దాదాపు 4 వేల కోట్ల నష్టమని చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ (సీబా) శాస్త్రవేత్తలు అంచనా వేశారు. మరి మన సొంత తెల్ల రొయ్యను జన్యుపరంగా మెరుగుపరిచే పథకానికి 2023లో కేటాయించింది 25 కోట్లు. వనామి తల్లి రొయ్యలు ఇప్పటికీ విదేశాల నుంచి విమానంలో చెన్నైకి దిగుతున్నాయి. మంచి జాతిని తయారు చేయడమంటే తరం వెంట తరం ఎంపిక చేస్తూ పోవడం. రెండు మూడేళ్ల పథకంగా డబ్బిచ్చి ఆపేస్తే అది సాగదు. నార్వేవారు సాల్మన్ చేప మీద ఈ పని 1970లలోనే మొదలుపెట్టారు, మధ్యలో వదిలేయలేదు.

ఆ నార్వేలో చేపల ఎగుమతి విలువ మీద 0.3 శాతం వసూలు చేసి నేరుగా పరిశోధన నిధిలో వేస్తారు. ఆస్ట్రేలియాలో మత్స్య పరిశ్రమ ఇచ్చిన దానికి ప్రభుత్వమూ తన వంతు కలుపుతుంది. మన ఎగుమతుల మీద 0.3 శాతం అంటే ఏడాదికి 187 కోట్లు. ఏ బడ్జెట్టు దయమీదా ఆధారపడకుండా ఏటా వచ్చే డబ్బు.

ఈ మాట మా ఊరి రైతుల దగ్గర అంటే, ఆ భారం చివరికి మన ధరలోనే కోస్తారన్నారు. ఆ భయం ఉత్తది కాదు, కౌంట్ల కోతలు చూస్తూనే ఉన్నాం. అయినా లెక్క వేశాను. కిలో 250 రూపాయలైతే 75 పైసలు. ఈహెచ్‌పీ లేని పిల్ల నమ్మకంగా దొరుకుతుందంటే ఆ 75 పైసలు నేనే ఇస్తాను. కానీ ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చే కమిటీలో సగం మంది చెరువు చేసేవారే ఉండాలి, అందులో కౌలు రైతులూ ఉండాలి. మొదటి పనిగా రొయ్యలో రోగక్రిమి ఉందో లేదో తేల్చే ప్రభుత్వ పీసీఆర్ ల్యాబు మండలానికొకటి పెట్టాలి.

సముద్రం మీద బతికేవారికీ ఇందులో వాటా ఉండాలి. వలల్లో తాబేళ్లు పడుతున్నాయని 2019 నుంచి మన సముద్రపు రొయ్యను అమెరికా కొనడం లేదు. తాబేలు తప్పించుకునే పరికరాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సీఐఎఫ్‌టీ) తయారు చేసింది. దాన్ని ప్రతి రేవులో పడవలకు బిగించి, పట్టు తగ్గదని వేటగాళ్లకు కళ్లారా చూపించడానికి కూడా డబ్బు కావాలి.

చెరువు ఇప్పుడు ఎండగట్టి ఉంది, అడుగు నెర్రెలు విచ్చింది. ఈహెచ్‌పీ బీజాలు చావాలంటే హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేయాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మా బంకమట్టికి అంతే సరిపోతుందా అని అడిగితే జవాబు చెప్పినవారు నాకు దొరకలేదు. ఎకరాకు రెండున్నర టన్నుల చొప్పున సున్నం తెప్పించి గట్టు మీద పోయించాను. వచ్చే నెల పిల్ల వదలాలి.

— ఒక రొయ్యల రైతు,
మొగల్తూరు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా