మాఘమాసంలో మా మామిడితోట

ప్రియమైన సురేంద్రకు,

ఇక్కడ మేమందరమూ క్షేమం. నువ్వు బంగారుపాళ్యం ఎప్పుడు వచ్చినా కాయలు కోసే రోజుల్లోనే వస్తావు. తోటలో నిజంగా చూడవలసినది మాఘం ముగుస్తున్న ఈ రోజుల్లోనే ఉంటుందని నీకు చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

బేనీషా చెట్లకు అప్పుడే బఠాణీ గింజంత పిందెలు పడ్డాయి. తోతాపురి మాత్రం ఇంకా పూతమీదే ఉంది. ఎండ కాస్త చురుక్కుమనగానే ఆ చెట్ల కింద ఈగల రొద వినిపిస్తుంది. ఒక్కో పూగుత్తిలో వందలాది పూలున్నా వాటిలో చాలావరకు మగపూలే. చివరికి కాయగా నిలిచేది ఒకటో రెండో. ఆ కాస్తయినా నిలబడుతున్నదంటే పూలమీద పుప్పొడి చేరవేసే, మనం చీదరించుకొనే ఈ ఈగల చలవే. అందుకే పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకు కొట్టవలసిన మందును పూత విచ్చకముందే కొట్టించి, ఆ తర్వాత స్ప్రేయర్ బయటికి తీయనివ్వలేదు. నిండు పూతమీద మందు కొట్టే తోటలను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక గట్టుమీది బూరుగ చెట్టు సంగతి. ఒక్క ఆకు కూడా లేకుండా కొమ్మకొమ్మకూ దోసెడేసి ఎర్రపూలు పూసి నిలుచుంది. మందమైన ఆ పూరేకుల అడుగున ఊరే తేనె కోసం తెల్లవారకముందే కాకులు, గోరింకలు, చిలుకలు చేరతాయి. వాటితోపాటు నల్లని తల, గులాబి రంగు ఒళ్లు ఉన్న వలస గోరింకలు గుంపులుగా దిగి, ముఖమంతా పుప్పొడి పూసుకొని, గోలగోలగా పోట్లాడుకొంటాయి. మధ్య ఆసియా నుంచి వచ్చి మన దగ్గర చలికాలం గడిపే ఈ పక్షులు ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం కడతాయి. బూరుగ పూత అయ్యేసరికి పక్కనున్న మోదుగ అందుకొంటుంది. దాని మొగ్గలు ఇప్పుడు ముదురు గోధుమరంగు మఖమలు తొడుగుల్లో ఉన్నాయి. ఈ చెట్ల నీడ పడి దిగుబడి తగ్గుతుందని, కొట్టించేయమని చెప్పేవారున్నారు. కుంటలు ఎండిపోయే ఈ కాలంలో ఇన్ని ప్రాణులకు ఆధారమైన చెట్టుమీద గొడ్డలి వేయడానికి నేను ఎన్నటికీ ఒప్పుకోను.

బావి దగ్గరి నిమ్మచెట్టుకు తేనెపిట్ట గూడు కడుతున్నది. ఎండుబెరడు ముక్కలను, గొంగళిపురుగుల పెంటికలను సాలెగూటి దారాలతో అతికించి వేలాడదీసిన ఆ సంచికి పక్కన చిన్న ద్వారం, దానిపైన చూరు కూడా ఉన్నాయి. పనంతా దాదాపు ఆడపిట్టదే. పసుపు పొట్ట, మెరిసే తలా ఉన్న మగపిట్ట వెంట తిరుగుతూ పాడుతుంటుంది. ఎండిన మునగకొమ్మలో కంసాలిపిట్ట తొర్ర తొలుస్తున్నది. దాని టుక్ టుక్ కూత మధ్యాహ్నం వరకూ ఆగదు. కోయిల గొంతు కూడా విప్పింది. మామిడి చిగురు తినడం వల్లే అది కూస్తుందని మనవాళ్లంటారు గాని, నేను చూసినంతలో దాని ధ్యాసంతా రావిపండ్లమీదే.

శివరాత్రి సెలవులకు తప్పక రా. చిత్తూరులో పలమనేరు బస్సెక్కితే నేరుగా బంగారుపాళ్యంలో దిగవచ్చు. మొదటి రాత్రి తోటలోనే పడుకొందాం, ఎందుకంటే బూరుగ దగ్గరికి వెలుగు రాకముందే చేరాలి. నీ బైనాక్యులర్స్ మరచిపోవద్దు.

ఇట్లు,
నీ రాఘవ