కిడ్నీకి ముక్కు లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ సైన్సు పేజీలో "కిడ్నీ కూడా వాసన చూస్తుంది!" అనే వ్యాసం వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు పైకి చదువుతుంటే విన్నాను. పక్కనే ఒక బొమ్మ వేశారు, చిక్కుడు గింజలాంటి కిడ్నీకి కోటేరేసినట్టున్న ముక్కు. దాన్ని చూసి మా పిల్ల పడీ పడీ నవ్వింది. చదవడం అయ్యాక నా వైపు తిరిగి, "తాతయ్యా, నీ ముక్కు ఎలాగూ పనిచేయట్లేదుగా, ఇకనుంచి కిడ్నీతో వాసన చూడు" అంది.

నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

నేను ముప్పయి రెండేళ్లు జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆమధ్య వైరల్ జ్వరం వచ్చి తగ్గాక వాసన పోయింది. జలుబు వల్ల అనుకున్నాను. జలుబు తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే, "ఈ వయసులో చూపు బాగుంది, చెవులు బాగున్నాయి, పోయింది ముక్కే కదండీ" అన్నాడు. తర్వాత నెల తిరక్కుండానే ఒక సాయంత్రం స్టవ్ నాబ్ సరిగ్గా కట్టేయకుండా, వంటింటి బల్ల దగ్గరే కూర్చుని మీ పేపరు చదువుకుంటున్నాను. స్కూలు నుంచి వచ్చిన మనవరాలు గుమ్మంలోంచే "గ్యాసు!" అని కేకేసి, పరుగున వచ్చి కిటికీలు బార్లా తెరిచింది. వంటగ్యాసుకి సొంత వాసన దాదాపు ఉండదని, లీకైతే తెలియడానికి మెర్కాప్టాన్ అనే గంధకపు పదార్థాన్ని పిసరంత కలుపుతారని ఏటా క్లాసులో చెప్పినవాణ్ణే నేను. సరిగ్గా అంతకు వారం ముందే రక్తపరీక్షలు చేయించుకున్నాను, కిడ్నీలు రెండూ భేషుగ్గా ఉన్నాయని రిపోర్టు. ఆ సాయంత్రం ఆ రెంటిలో ఒక్కటీ నాకు ఏమీ చెప్పలేదు.

వ్యాసంలో రాసింది తప్పని కాదు. ముక్కులో వాసన పట్టే ఘ్రాణ ప్రోటీన్లు కిడ్నీలోనూ ఉన్నాయన్నది నిజం. చిక్కంతా శీర్షికతోనే.

అసలు ఆ ప్రోటీన్ ముక్కులో చేసే పని ఎంత? ముక్కు లోపల పైభాగాన, తపాలా బిళ్లంత జాగాలో ఒక పలచటి పొర ఉంటుంది. గాలితో వచ్చిన అణువు అక్కడి తడిలో కరిగి, నాడీకణాల చివర ఉండే నూగులాంటి పోగుల్ని తాకుతుంది. ఈ ప్రోటీన్లు ఉండేది ఆ పోగుల మీదే. గుడ్డలో కుట్టు దారం పైకీ కిందికీ తిరిగినట్టు, ఒక్కో ప్రోటీన్ కణం పొరలోంచి ఏడుసార్లు అటూ ఇటూ తిరిగి ఉంటుంది. దాని గుంటలో సరిపడే అణువు ఇమిడితే కొద్దిగా మెలి తిరుగుతుంది. దాని పని అక్కడితో సరి. ఆ మెలిక వల్ల కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం పెరుగుతుంది. అది పొరలోని తలుపులు తెరుస్తుంది, సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి, కణంలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు జల్లెడ ఎముక బెజ్జాల గుండా మెదడుకి చేరుతుంది.

మనిషికి ఇలాంటి ప్రోటీన్లు సుమారు 400 రకాలు ఉన్నాయి. ముక్కులోని ఒక్కో నాడీకణం వాటిలో ఒక్క రకాన్నే పెట్టుకుంటుంది. కానీ ఒకే అణువు చాలా రకాల్ని కదిలించగలదు, ఒకే రకం చాలా అణువులకి కదులుతుంది. ఏవేవి కలిసి మోగాయో చూసి మెదడు ఇది గులాబీ, ఇది కాలిన వైరు అని తేల్చుకుంటుంది. యాభై ఆరు అక్షరాలతో ఎన్ని మాటలు రాయడం లేదు మనం! అక్షరం ఒక్కటే మాట కానట్టు, ప్రోటీన్ ఒక్కటే వాసన కాదు. ఫలానా అణువు వచ్చిందని తన కణానికి చెప్పడమే దాని వంతు. దాన్ని వాసనగా చదివే మెదడు దారి కిడ్నీకి ఎక్కడుంది?

మరి ఆ పేరెందుకు పడిందంటే, మొదట ముక్కులో దొరికాయి కాబట్టి. 1991లో లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల ముక్కు పొరలో ఈ జన్యువుల కుటుంబాన్ని పట్టుకున్నారు. 2004లో ఆ పనికే నోబెల్ వచ్చింది. తమాషా ఏమిటంటే, ఏడాది తిరిగేసరికి 1992లోనే బెల్జియం శాస్త్రవేత్తలు ఇదే కుటుంబపు జన్యువులు వృషణాల్లోనూ పనిచేస్తున్నట్టు చూపించారు. అప్పటికే ఇంటిపేరు స్థిరపడిపోయింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు, పేరుకీ పనికీ పొత్తు కుదరని చోట్ల కూడా ఆ పేరే నడుస్తోంది. అదే మొదట కిడ్నీలో దొరికి ఉంటే మూత్ర ప్రోటీన్లు అని పేరు పెట్టేవాళ్లు. అప్పుడు మీరు "ముక్కు కూడా మూత్రం పోస్తుంది!" అని శీర్షిక పెట్టేవారేమో.

కిడ్నీలో అది చేసే పని వాసన కన్నా వింతైనదే, మీ వ్యాసం దాన్ని ఒక్క వాక్యంతో దాటేసింది. పేగుల్లోని బాక్టీరియా పీచు పదార్థాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాల్ని వదులుతుంది. అవి రక్తంలో కలుస్తాయి. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాల దగ్గర ఓల్ఫ్ఆర్ 78 అనే ఘ్రాణ ప్రోటీన్ ఉందని, అది ఈ ఆమ్లాల్ని పసిగట్టి, బీపీని పెంచే రెనిన్ అనే పదార్థం విడుదలలో చెయ్యి వేస్తుందని 2013లో ఎలుకల మీద తేలింది. ఆ ప్రోటీన్ లేని ఎలుకల్లో రెనిన్ తక్కువగా ఉంది, బీపీ కూడా తక్కువే. అవే ఆమ్లాలకి స్పందించే ఇంకో ప్రోటీన్ బీపీని కిందికి లాగుతుంది. అంటే పేగులోని బాక్టీరియా పంపే కబురు కిడ్నీకి చేరుతోందన్నమాట. మనుషుల్లో దీనికి సాటి అయినది ఓఆర్ 51ఈ2. ఇది ప్రోస్టేట్ గ్రంథిలో కూడా ఉంటుంది, అక్కడి క్యాన్సర్ కణాల్లో బాగా ఎక్కువవుతుంది. 2023లో ప్రొపియోనేట్ గుంటలో ఇమిడి ఉండగా దీని ఆకారాన్ని చూడగలిగారు. మనిషి ఘ్రాణ ప్రోటీన్ ఒకదాని ఆకారం అంత వివరంగా కనబడటం అదే మొదటిసారి. జన్యువులు దొరికిన ముప్పయి రెండేళ్లకి!

ఇక చర్మం సంగతి. చర్మకణాల్లో ఓఆర్ 2ఏటీ4 అనే ఘ్రాణ ప్రోటీన్ ఉంది. శాండలోర్ అనే పదార్థం దాన్ని కదిలిస్తే కణాలు పెరిగి, జరిగి, గాయం పూడే తీరు మెరుగుపడిందని 2014లో ప్రయోగశాలలో చూశారు. జుట్టు కుదుళ్ల మీద కూడా పనిచేస్తుందని 2018లో ఇంకో పరిశోధన వచ్చింది. మా తమ్ముడు మీ వ్యాసంలో ఈ పేరా కత్తిరించి దాచుకుని, నెత్తికి చందన తైలం పట్టించడం మొదలెట్టాడు. శాండలోర్ చందనం నుంచి తీసింది కాదు, చందనంలా వాసన వేసేలా ల్యాబులో తయారుచేసిన అణువు. ఆ ప్రయోగంలో కుదుళ్లు కూడా మనిషి తల మీద లేవు, విడిగా గాజుపాత్రలో పెంచినవి. ఈ రెండు ముక్కలూ మీరు వేసి ఉంటే వాడికి దిండు గలీబులు పాడయ్యేవి కావు.

మనవరాలికి చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది. వీర్యకణాలు బూర్జనాల్ అనే పూల వాసన పదార్థం వైపు ఈదుతాయని, దానికి ఘ్రాణ ప్రోటీనే కారణమని 2003లో పెద్ద వార్త అయింది. 2012కి వచ్చేసరికి, బూర్జనాల్ వీర్యకణపు తోకలోని కాల్షియం ద్వారాన్ని నేరుగా తెరుస్తుందని, మధ్యలో ఘ్రాణ ప్రోటీన్ అక్కర్లేదని ఇంకొకరు చూపించారు. ఒక కణంలో జన్యువు తాలూకు జాడ దొరికినంత మాత్రాన అక్కడ ఆ ప్రోటీన్ పని చేస్తోందని కాదు. నా క్లాసులో హాజరు పలికి కిటికీలోంచి దూకి వెళ్లిపోయిన పిల్లలు ఎంతమంది లేరు!

ఇన్ని అవయవాల గురించి రాశారు గానీ, ముక్కు గురించి ఏమీ రాయలేదు. కోవిడ్‌లో వాసన పోయినప్పుడు వైరస్ ముందుగా పట్టేది నాడీకణాల్ని కాదు, వాటికి ఆసరాగా నిలిచే పక్క కణాల్ని. వైరస్ తగులుకునే కొక్కెం, అంటే ఏసీఈ2, ఉన్నది వాటి మీదే. ముక్కులోని నాడీకణాలు జీవితాంతం చచ్చి మళ్లీ పుడుతుంటాయి, మాలాంటి వాళ్ల ఆశంతా దాని మీదే. గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలు రోజుకి రెండుసార్లు, నెలల తరబడి శ్రద్ధగా పీల్చే సాధన ఒకటుంది. 2009 నుంచి వాడుకలో ఉంది, కొందరికి మేలు చేస్తుంది. నాకు మాత్రం దాని గురించి చెప్పినవాళ్లు లేరు, గ్యాసు గండం గడిచాక వెతుక్కుని తెలుసుకున్నాను.

ఇప్పుడు పొద్దునా రాత్రీ మనవరాలు నా కళ్లు మూయించి సీసాలు పడుతుంది. నేను చెప్పిన జవాబుకి మార్కులు వేస్తుంది, మహా పిసినారి. గులాబీ కాస్త కాస్త తెలుస్తోంది. లవంగం ఇంకా మౌనమే. సబ్బు మాత్రం రబ్బరు కాలినట్టు కొడుతోంది. కొత్తగా మొలిచిన నాడీకణాల తీగలు తప్పు చోట తగులుకుంటే ఇలా అవుతుందట. ఏమీ తెలియని రోజులకన్నా ఇదే నయమనుకుంటున్నాను. మీ ముక్కు కిడ్నీ బొమ్మ ఆ సీసాల పైన గోడకి అంటించి ఉంది.

వచ్చే ఆదివారం రెండు లైన్ల సవరణ వేయండి, చాలు. ఈ ఉత్తరం పొడుగైందని నాకూ తెలుసు. అచ్చేసేటప్పుడు స్థలం చాలకపోతే ఎలుకల సంగతి, మా తమ్ముడి సంగతి కోసేయండి. గ్యాసు సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్