పళ్ళు జివ్వుమంటున్నాయంటే ఒకసారి నోరు తెరిపించి చూడండి

తల్లిదండ్రులకు, అమ్మానాన్నలు దూరాన ఉంటే పిల్లల్ని సాకుతున్న మామ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పరీక్షల టైంటేబుల్ ఈ వార్తాలేఖ వెనక పేజీలో ఉంది, చూసుకోండి. ఈ నెల నేను పిల్లల పళ్ళ గురించి రాస్తున్నాను. అందుకు కారణం మన రెండో తరగతిలో ఒక పాప. వాళ్ళ మామ్మగారిని అడిగే రాస్తున్నాను.

చిక్కీ ఇచ్చే రోజుల్లో ఆ పాప తన చిక్కీ తినకుండా రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకునేది. అడిగితే "తమ్ముడికండి" అనేది. ఎంత ప్రేమో అని టీచర్లందరం మెచ్చుకున్నాం. ఒకరోజు నీళ్ళ కుళాయి దగ్గర నేను పక్కనే ఉన్నాను. గ్లాసెత్తి నీళ్ళు పోసుకుంటూ తలని పూర్తిగా ఎడమ భుజం మీదికి వంచేసింది. నీళ్ళన్నీ ఎడమ బుగ్గలోకే పోవాలి, కుడివైపు చుక్క తగలకూడదు. మింగేశాక కూడా కుడికన్ను కాసేపు మూసుకునే ఉంది. "ఏంటమ్మా అది?" అంటే "అలవాటండి" అంది. ఏడేళ్ళ పిల్లకి అది అలవాటైపోయింది!

గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి నోరు తెరవమన్నాను. కింద కుడి దవడలో చిట్టచివరి పన్ను మీద పసుపూ గోధుమరంగూ కలిసిన మచ్చ ఉంది. ఒక మూల తడిసిన సుద్దముక్కలా విరిగిపోయింది. మామ్మగారికి కబురు పెడితే వచ్చి చూసి, "పాలపన్నే కదండీ, ఊడిపోద్ది లెండి" అన్నారు. ఆవిణ్ణి తప్పు పట్టలేను. మా అబ్బాయి చిన్నప్పుడు నేనూ సరిగ్గా ఆ మాటే అన్నాను. వాడు ఇంటర్‌కి వచ్చేసరికి ఆ పన్ను తీయించాల్సి వచ్చింది. అది పాలపన్ను కాదని అప్పుడు తెలిసింది నాకు.

ఈ ఒక్క సంగతి మీరందరూ గుర్తుపెట్టుకుంటే చాలు. పిల్లలకి పాలపళ్ళు 20. ఆరేళ్ళు వచ్చేసరికి ఆ పళ్ళ వెనకాల, పైన రెండు, కింద రెండు పెద్ద దవడ పళ్ళు వస్తాయి. వీటి కోసం ముందు ఏ పన్నూ ఊడదు. చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చేస్తాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. అవి పుచ్చిపోయినా "ఊడిపోయేవే" అని వదిలేస్తాం. అవి ముసలితనం దాకా నమలాల్సిన పళ్ళు. పోతే మళ్ళీ రావు.

కొందరు పిల్లలకి ఈ పళ్ళు చిగుళ్ళలో తయారవుతున్నప్పుడే, అంటే పుట్టిన మొదటి రెండు మూడేళ్ళలోనే, పైపొర సరిగ్గా గట్టిపడదు. డాక్టర్లు దీన్ని మోలార్ ఇన్సైజర్ హైపోమినరలైజేషన్ అంటారు. తెల్లగా, పసుపుగా, గోధుమరంగులో మచ్చలతో పన్ను బయటికొస్తుంది. నమిలే జోరుకి పెళుసుగా విరుగుతుంది. చల్లగాలి తగిలినా జివ్వుమంటుంది. మన పాపది ఇదే. బ్రష్ చెయ్యకపోవడం వల్ల వచ్చింది కాదు, కాబట్టి ఆ మచ్చలు చూసి పిల్లల్ని తిట్టకండి. నొప్పి వల్ల ఆ వైపు బ్రష్ పెట్టనివ్వరు, దాంతో మచ్చ మీద పిప్పి కూడా చేరుతుంది.

అసలు జివ్వుమని ఎందుకు లాగుతుంది? పన్ను పైన ఎనామిల్ అనే పొర ఉంటుంది. ఒంట్లో ఎముక కన్నా గట్టిది అదే. దానికి నొప్పి తెలియదు. దాని కింద డెంటిన్ అనే పొరలో కంటికి కనపడనంత సన్నటి గొట్టాలు వేలకు వేలు, పంటి మధ్యలో ఉన్న నరం వైపు వెళ్తుంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. మన డెల్టా వాళ్ళకి ఇది చెప్పడం తేలిక. పైన లాకు తలుపు ఎత్తితే పెద్ద కాలువలో, పంట కాలువలో, చివరికి మన చేను గట్టు పక్క బోదెలో కూడా నీళ్ళు కదులుతాయి కదా. ఎనామిల్ అరిగో, విరిగో, పుచ్చిపోయో ఆ గొట్టాల మూతులు బయటపడ్డాయనుకోండి, చన్నీళ్ళు తగలగానే లోపలి ద్రవం కదులుతుంది, ఆ కదలిక నరానికి తెలుస్తుంది. అదే జివ్వుమనడం. పోయిన ఎనామిల్ తిరిగి పెరగదు. పాలపళ్ళకి ఆ పొర మరీ పలచన, అందుకే వాటిలో పిప్పి త్వరగా నరం దాకా పోతుంది.

పిల్లలు ఇదంతా చెప్పరు. ఒకవైపే నములుతారు. ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు వద్దంటారు. పుల్ల ఐసు ఇష్టంగా కొనుక్కుని, కొరక్కుండా కరిగిపోయేదాకా నాకుతారు. అన్నం ముద్ద నమలకుండా మింగేస్తారు. మనం "తిండి దగ్గర పేచీ" అనుకుంటాం. కొత్తపన్ను వస్తున్నప్పుడో, పాలపన్ను ఊగుతున్నప్పుడో కొద్దిరోజులు కాస్త లాగడం మామూలే. రెండు వారాలు దాటినా అదే పన్ను, అదే వైపు అంటుంటే మాత్రం చూపించాలి.

ఇక మామిడికాయల రోజులు వచ్చేశాయి. ఆవకాయకి కాయలు కొడుతుంటే కత్తిపీట చుట్టూ చేరి, ముక్క తీసుకుని ఉప్పూకారం అద్దుకుని తినని పిల్లలు మన ఊళ్ళల్లో ఉన్నారా! మర్నాడు "పళ్ళు పులిశాయి, అన్నం నమల్లేను" అంటారు. పెద్దలు పెట్టిన ఆ మాట ఎంత సరైందో చూడండి. పులుపు తగిలినప్పుడు ఎనామిల్ పైపైన మెత్తబడి, అందులో ఖనిజాలు కొంత కరుగుతాయి. నోట్లో ఊరే లాలాజలం కాసేపటికి వాటిని మళ్ళీ సర్దిపెడుతుంది. దానికి టైమివ్వాలి. రోజంతా మామిడిముక్క, సీమచింతకాయ, నిమ్మసోడా, కూల్ డ్రింకు ఒకదాని వెనక ఒకటి అయితే సర్దుకునే వీలే ఉండదు. మామిడికాయ మానిపించమని నేను చెప్పను. ఒక్కసారి కూర్చుని తినేసి, మామూలు నీళ్ళతో పుక్కిలించమనండి. వెంటనే బ్రష్ చెయ్యనివ్వకండి, మెత్తబడ్డ పొర బ్రష్‌తో పాటు పోతుంది. కనీసం అరగంట ఆగాలి. కూల్ డ్రింకుల విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. పులుపూ పంచదారా రెండూ ఉన్న ఆ సీసాలు ఇంటికి తేకండి.

తోమే పద్ధతి గురించి చెప్పాలి. బొగ్గు, ఉప్పు, కచ్చిక, ఇటుకపొడి ఇంకా కొన్ని ఇళ్ళల్లో వాడుతున్నారని పిల్లలే చెప్తున్నారు. అవి తెల్లగా చేస్తున్నట్టే ఉండి పన్నుని అరగదీస్తాయి. మెత్తటి బ్రష్ చాలు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా రాత్రి పూట పెద్దవాళ్ళే పిల్లని ముందు నిలబెట్టుకుని, తల కాస్త పైకెత్తించి తోమండి. ఆ వెనక దవడ పన్ను కొత్తగా వచ్చేటప్పుడు మిగతావాటి కంటే కిందికి ఉంటుంది, పిల్లలు తోమితే బ్రష్ దానికి తగలదు.

పేస్టులో ఫ్లోరైడ్ ఉందో లేదో ట్యూబు మీద చూడండి. 1000 పీపీఎం గానీ అంతకు కొంచెం ఎక్కువ గానీ ఉండాలి. బొమ్మలున్న పిల్లల పేస్టుల్లో కొన్నిటిలో అసలు ఉండదు. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆ పైన బఠాణీ గింజంత పేస్టు చాలు. తోమాక ఉమ్మేయాలి, నీళ్ళు పోసి మరీ కడిగెయ్యక్కర్లేదు. "ఫ్లోరైడంటే నల్గొండలో ఎముకలు వంకర్లు పోయిన ఫ్లోరైడే కదా మేడం" అని కిందటి మీటింగులో ఒక నాన్నగారు అడిగారు. మంచి ప్రశ్న. అక్కడ సమస్య తాగే నీళ్ళలోది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి కడుపులోకి పోవడం వల్ల వచ్చింది. బఠాణీ గింజంత వాడి ఉమ్మేసే పేస్టుతో ఆ భయం లేదు. పేస్టు తినే అలవాటున్న పిల్లల్ని మాత్రం కనిపెట్టి ఉండండి.

టీవీలో చూసి సెన్సిటివ్ పేస్టు కొంటున్నారు కొందరు. 12 ఏళ్ళ లోపు పిల్లలకి డాక్టరు చెప్తే తప్ప అది వద్దు. పెద్దవాళ్ళకి చిగుళ్ళు కిందికి జారి లాగడం వేరు, పిల్లలకి పన్ను విరిగో పుచ్చో లాగడం వేరు. పేస్టుతో నొప్పి అణిగితే లోపల పిప్పి పెరుగుతూ ఉంటుంది, మనకి తెలియదు. పంటి మీద లవంగనూనె పొయ్యడం, నొప్పి బిళ్ళ నలిపి పెట్టడం అస్సలు చెయ్యకండి, చిగురు కాలి పుండు పడుతుంది.

చల్లటిది తీసేశాక కూడా నొప్పి ఆగకపోతే, వేడి తగిలితే ఎక్కువైతే, రాత్రి నిద్రలో లేచి ఏడిస్తే విషయం నరం దాకా వెళ్ళిందని అర్థం. ఒకటి రెండు రోజుల్లో తీసుకెళ్ళండి. చిగురు మీద చీముపొక్కు ఉంటే కూడా అంతే. బుగ్గ వాచి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే వెళ్ళాలి. సెలవుల్లో రేవు మెట్ల మీద పడి ముందుపన్ను ముక్క విరిగిందనుకోండి, ముక్క దొరికితే పాలల్లో వేసి పట్టుకెళ్ళండి. చాలాసార్లు తిరిగి అతికిస్తారు.

ఖర్చు గురించి టెన్షన్ పడుతున్నారని నాకు తెలుసు. తొందరగా వెళ్తే ఫ్లోరైడ్ పూతతోనో, దవడ పన్ను గాళ్ళు మూసే సీలెంట్‌తోనో, చిన్న ఫిల్లింగ్‌తోనో సరిపోతుంది. ఆలస్యమయ్యే కొద్దీ రూట్ కెనాల్, క్యాపు దాకా పోతుంది. భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ, రాజమండ్రి వైపు జీఎస్ఎల్ డెంటల్ కాలేజీ ఉన్నాయి. పిల్లల పళ్ళ విభాగం ఎక్కడని అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, ఆ వైద్య బృందం బడికి వచ్చి చూసే 30 రకాల సమస్యల్లో పళ్ళవీ ఉన్నాయి. వాళ్ళు వచ్చినప్పుడు చూపించాల్సిన పిల్లల పేర్లు నేను ఇప్పటినుంచే రాసి పెడుతున్నాను. ఈ ఆదివారం పగటి వెలుతురులో మీ పిల్ల నోరు తెరిపించి, వెనక దవడ పళ్ళు చూడండి. మచ్చ గానీ, గుంట గానీ కనిపిస్తే డైరీలో ఒక ముక్క రాసి పంపండి. గల్ఫ్‌లో ఉన్న అమ్మలు వీడియో కాల్‌లో అడిగి చూడండి, పిల్లలు మీకైతే దాచకుండా చెప్తారు.

మన పాపకి డాక్టరుగారు విరిగిన మూల పూడ్చి, మిగతా దవడ పళ్ళకి ఫ్లోరైడ్ పూత వేశారు. పన్ను పూర్తిగా పైకి వచ్చాక స్టీలు క్యాపు వేస్తామన్నారు. నిన్న కుళాయి దగ్గర మళ్ళీ చూశాను. తల నిటారుగా పెట్టి గ్లాసుడు నీళ్ళూ గటగటా తాగేసింది. చిక్కీ సగం తింటోంది, మిగతా సగం ఇప్పటికీ తమ్ముడికే.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు