స్లాష్ తీసేయొద్దురా

ఒరేయ్ మురళీ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఏమీ అనుకోకురా. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి కొంచెం నయం, పిల్లల పరీక్షలు అయిపోయాయి, మన పాత సెట్టు కుంభకర్ణుడు మళ్ళీ నిద్రలేచాడు, ఈసారి రెండు కెపాసిటర్లు మింగాక! నీ ప్రయాణం ఖాయమైందని చదివి ఎంత సంబరపడ్డామో. కాలిఫోర్నియా, అక్కణ్ణించి కారులో నెవాడా, చివర్లో హవాయి. అబ్బ! సరే, మిగతా కబుర్లు తర్వాత.

నీ ఉత్తరం చివర మన హ్యామ్ రేడియో గురించి ఒక మాట రాశావు చూడు, "స్లాష్ పెడితే ఎఫ్‌టీ8లో ఏవో తంటాలట, అక్కడ కూడా మామూలు కాల్‌తోనే కానిచ్చేస్తా" అని. అంటే కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే ఆ పద్ధతిలో, నీ కాల్‌సైన్ ముందు అమెరికా గుర్తూ స్లాషూ (/) లేకుండా ఇండియాలో వాడే పిలుపు పేరే పంపుతానని. అది చదివిన దగ్గర్నుంచీ మనసు నిలవట్లేదు. ఆ ఒక్క పనీ చెయ్యకురా. నువ్వు లాస్ ఏంజెలిస్‌లో కూర్చుని ఉత్త కాల్ పంపితే, విన్న ప్రతివాడి లాగ్‌లోనూ (రేడియో పద్దులోనూ) నువ్వు ఇండియాలో ఉన్నట్టే పడుతుంది. వాడేమో ఇండియా దొరికిందని ఆనందపడతాడు, డీఎక్స్‌సీసీ, అంటే ఎన్ని దేశాలు పట్టామనే అవార్డు లెక్కలో వేసుకుంటాడు. ఆ లెక్క తప్పు. వాడి ప్రమేయం లేకుండా వాడి లాగ్ చెడగొట్టినవాళ్ళమవుతాం. పైగా అది అక్కడి నియమాలకూ విరుద్ధం.

ఆ నియమం ఏమిటో చెప్తా విను. అమెరికాకీ మనకీ పరస్పర ఒప్పందం ఉంది కనక విడిగా పర్మిట్ తీసుకోనక్కర్లేదు. గడువు ఉన్న నీ లైసెన్సూ పాస్‌పోర్టూ దగ్గరుంచుకో. అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమాల పార్ట్ 97లో 97.107 ఆ అనుమతి ఇస్తుంది, నిన్ను నువ్వు ఎలా చెప్పుకోవాలో 97.119 చెబుతుంది. నువ్వున్న చోటుని తెలిపే అక్షరమూ అంకే ముందు, తర్వాత స్లాష్, ఆ తర్వాత నీ కాల్. కాలిఫోర్నియాలో డబ్ల్యూ6/నీకాల్, నెవాడాలో అడుగు పెట్టగానే డబ్ల్యూ7/నీకాల్, హవాయిలో కేహెచ్6/నీకాల్. కెనడా వాళ్ళకి మాత్రం తిరగేసి, వాళ్ళు కాల్ తర్వాత పెట్టాలి. వాళ్ళని విని "ఓహో, వెనక పెట్టినా చెల్లుతుంది" అనుకోకు.

ప్రతి కాంటాక్టులోనూ కనీసం ఒక్కసారి ఊరూ రాష్ట్రమూ చెప్పాలి. కాల్‌సైన్ 10 నిమిషాలకొకసారీ, ముగించేటప్పుడూ చెప్పాలి. ఫోన్‌లో, అంటే గొంతుతో మాట్లాడే పద్ధతిలో, నువ్వు తెలుగులో ఎంతసేపు మాట్లాడినా ఫర్వాలేదు, కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీషులో చెప్పాలి. గుర్తుంచుకో!

ఇంకొకటి. బ్యాండ్ హద్దులు. అక్కడి నియమాలూ వర్తిస్తాయి, నీ లైసెన్సు షరతులూ వర్తిస్తాయి. 40 మీటర్ల బ్యాండ్‌లో వాళ్ళు 7.3 మెగాహెర్ట్జ్ దాకా పోతారు, మనకి 7.2తో సరి. వాళ్ళ ప్రధాన భూభాగంలో ఫోన్ మొదలయ్యేదే 7.125 దగ్గర. అంటే అక్కడ ఆ బ్యాండ్ మీద నీకు మాట్లాడే చోటు 7.125 నుంచి 7.2 దాకానే, అదీ నీ గ్రేడు ఒప్పుకుంటే. ఎవరైనా 7.25 దగ్గర రమ్మని పిలిచినా పోకు.

ఇప్పుడు ఎఫ్‌టీ8. తంటాలు ఉన్న మాట నిజమే, కాదనను. ఎఫ్‌టీ8 సందేశం మొత్తం 77 బిట్లు. మామూలు కాల్‌సైన్ 28 బిట్లలో ఇముడుతుంది. స్లాష్ ఉన్న కాల్ ఇమడదు, దానికి 58 బిట్లు పోతాయి. మిగిలినదాంట్లో అవతలివాడి కాల్ పూర్తిగా పట్టదు కాబట్టి దాన్ని చిన్న హ్యాష్‌గా (గుర్తు సంఖ్యగా) కుదించి పంపుతుంది. అందుకే తెరమీద కొన్ని కాల్స్ కోణపు బ్రాకెట్లలో కనిపిస్తాయి. మధ్యలో వచ్చి విన్నవాడికి ఆ హ్యాష్ ఎవరిదో తెలియదు గనక బ్రాకెట్లలో మూడు చుక్కలే కనబడతాయి. కంగారు పడకు, అది చెడిపోవడం కాదు.

దీనివల్ల నీకు జరిగేవి మూడు. నీ సీక్యూలో (ఎవరైనా రండి అనే పిలుపులో) గ్రిడ్, అంటే నువ్వున్న చోటు కోడ్, పోదు, కాల్ ఒక్కటే పోతుంది. నీకు జవాబిచ్చేవాడు కూడా గ్రిడ్ పంపడు, కాబట్టి లాగ్‌లో వాడి గ్రిడ్ ఖాళీగా ఉంటుంది. ఆ గడిని ఊహించి నింపకు, ఖాళీగానే వదిలెయ్. మూడోది, ఇద్దరి కాల్సూ ఇలా మామూలుగా లేనివే అయితే క్యూఎస్‌ఓ, అంటే కాంటాక్టు, అసలు పూర్తికాదు. ఎవరైనా పొడుగాటి స్పెషల్ ఈవెంట్ కాల్‌తో వస్తే వాడి వెంట పడి పొద్దు పుచ్చకు, సీడబ్ల్యూ (మోర్స్)లోనో ఫోన్‌లోనో పట్టుకో. కాంటెస్ట్ సందేశాలూ ఇలాంటి కాల్‌తో నడవవు. మొత్తం పొడవు స్లాష్‌తో కలిపి 11 అక్షరాలు దాటకూడదు. నీది ఆరక్షరాల కాల్, ముందు డబ్ల్యూ6/ కలిస్తే 9, హవాయిలో 10. దాని వెనక ఇంకేవేవో తోకలు తగిలించావా, 11 దాటిపోవచ్చు.

ఎఫ్‌టీ8 నడిపే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రాంలో ఇప్పుడే మూడు కాన్ఫిగరేషన్లు చేసి పెట్టుకో. ఉన్నదాన్ని క్లోన్ చేసి పేరు మార్చు, ఒక్కోదాంట్లో మై కాల్, మై గ్రిడ్ మార్చు. శాన్ ఫ్రాన్సిస్కో అయితే సీఎమ్87, లాస్ వేగస్ డీఎమ్26, హొనొలులు బీఎల్11. ఊరు మారినప్పుడల్లా మెనూలో ఒక్క నొక్కు చాలు. హడావిడిలో సెట్టింగ్స్ తెరిచి చేత్తో టైపు చేసేటప్పుడే కాల్ మారుతుంది గానీ గ్రిడ్ పాతదే ఉండిపోతుంది.

ఇక లాగ్. గాలిలో ఏ కాల్ పంపావో లాగ్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉండాలి. లాగ్ దాచుకునే ఏడీఐఎఫ్ ఫైల్లో స్టేషన్ కాల్‌సైన్ అనే ఫీల్డ్ ఉంటుంది, ఆపరేటర్ అని ఇంకొకటి ఉంటుంది. మొదటిదాంట్లో పంపిన కాల్, అంటే డబ్ల్యూ6/నీకాల్. రెండోదాంట్లో రేడియో ముందు కూర్చున్న మనిషి, అంటే నువ్వు. అక్కడెవరైనా క్లబ్బువాళ్ళు తమ స్టేషన్ మీద కూర్చోబెడితే స్టేషన్ కాల్‌సైన్ క్లబ్బుది, ఆపరేటర్ నువ్వు. ఆ క్యూఎస్‌ఓలు క్లబ్బువే, నీ లాగ్‌లోకి తెచ్చుకుని మళ్ళీ అప్‌లోడ్ చెయ్యకూడదు.

కాంటాక్టులు ఆన్‌లైన్‌లో ధ్రువపరిచే ఎల్‌ఓటీడబ్ల్యూకి వస్తే, ఒక్కో కాల్‌కి ఒక్కో సర్టిఫికెట్ కావాలి. నీ మామూలు కాల్ సర్టిఫికెట్ ఉంది కదా, దాని ప్రోగ్రాం టీక్యూఎస్‌ఎల్‌లో కొత్త సర్టిఫికెట్ అడిగేటప్పుడు దానితోనే సంతకం చెయ్యి. డబ్ల్యూ6కీ డబ్ల్యూ7కీ డీఎక్స్‌సీసీ ఎంటిటీ (అవార్డులో దేశంగా లెక్కించేది) అమెరికా సంయుక్త రాష్ట్రాలు, 291. హవాయి వేరే ఎంటిటీ, 110. ఇది మర్చిపోయి హవాయికి కూడా అమెరికా అని పెడితే అవతలివాళ్ళకి కొత్త ఎంటిటీ దక్కదు, అదెంత అన్యాయం చెప్పు! తర్వాత ఒక్కో సర్టిఫికెట్‌కీ ఒక్కో స్టేషన్ లొకేషన్. గ్రిడ్, రాష్ట్రం, కౌంటీ నింపు, కాలిఫోర్నియాకీ నెవాడాకీ సీక్యూ జోన్ 3, ఐటీయూ జోన్ 6. హవాయికి 31, 61, ఐఓటీఏ (దీవుల అవార్డు) నంబరు ఓసీ-019. రాష్ట్రం వదిలేస్తే అన్ని రాష్ట్రాల అవార్డు కోసం నెవాడా వెతుక్కునేవాడికి నీ క్యూఎస్‌ఓ పనికిరాదు.

సర్టిఫికెట్‌లో మొదటి తేదీ, చివరి తేదీ అడుగుతుంది. ఇక్కడ జాగ్రత్త. అవి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీలు. వేసవిలో కాలిఫోర్నియాలో సాయంత్రం 5 అయితే యూటీసీలో మర్నాడు మొదలైపోతుంది, హవాయిలో అయితే మధ్యాహ్నం 2కే. కేలెండర్ చూసి ఊరు విడిచే రోజుని చివరి తేదీగా పెడితే ఆ సాయంత్రం చేసినవన్నీ హద్దు బయట పడతాయి. ఒక రోజు కలిపి పెట్టు.

అప్‌లోడ్ నొక్కే ముందు ఏ లొకేషన్ ఎంచుకున్నావో రెండుసార్లు చూడు. ఎల్‌ఓటీడబ్ల్యూలోకి ఒకసారి పోయిన క్యూఎస్‌ఓని తీసెయ్యలేం. గ్రిడ్ తప్పైతే సరైన లొకేషన్‌తో మళ్ళీ పంపితే పాతదాని మీద పడుతుంది, కాల్‌సైనే తప్పైతే అది అక్కడే పడి ఉంటుంది.

ఒరేయ్, అన్నిటికంటే మాయదారిది గడియారం! ల్యాప్‌టాప్‌లో టైమ్ జోన్ ఇండియాగానే ఉంచి, గడియారం మాత్రం చేత్తో కాలిఫోర్నియా వేసవి టైముకి మార్చావనుకో. కంప్యూటర్ తన లెక్క ప్రకారం యూటీసీని 12 గంటల 30 నిమిషాలు వెనక్కి జరుపుతుంది. ఎఫ్‌టీ8 ఆడేది 15 సెకన్ల స్లాట్ల మీద, 12 గంటల 30 నిమిషాలు అందులో నిశ్శేషంగా భాగహారమవుతుంది. కాబట్టి సెకన్లు సరిగ్గా ఉంటే డీకోడ్ బ్రహ్మాండంగా అవుతుంది, క్యూఎస్‌ఓలు పూర్తవుతాయి, ఎక్కడా ఏ అనుమానమూ రాదు. లాగ్ మాత్రం మొత్తం తప్పు. ఎల్‌ఓటీడబ్ల్యూలో ఇద్దరి టైములూ 30 నిమిషాల లోపు ఉంటేనే జత కలుస్తుంది, ఒక్కటీ కలవదు. గంటలు ముట్టుకోకు, టైమ్ జోన్ మార్చు. మొదటి సీక్యూకి ముందు డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో కనిపించే యూటీసీని సెల్‌ఫోన్‌తో సరిచూసుకో.

ఇంకొకటి చెప్పాలి, వచ్చే ఏడాది యూరప్ అన్నావు కదా. అక్కడ సెప్ట్ అనే యూరప్ దేశాల టెలికాం సంఘం వాళ్ళ టీ/ఆర్ 61-01 సిఫార్సు ఉంది, అందులో చేరిన దేశాలవాళ్ళు ఒకరి దేశంలో ఒకరు మూడు నెలల దాకా ముందు ప్రిఫిక్స్ పెట్టుకుని మాట్లాడొచ్చు. మన దేశం అందులో లేదు. కాబట్టి వాళ్ళెవరినో చూసి మనమూ ప్రిఫిక్స్ తగిలించుకుంటే కుదరదు, ఏ దేశానికి ఆ దేశం అనుమతి ముందే అడగాలి. ఇంగ్లండ్‌లో విజిటర్ కాల్ ముందు ఎమ్, వేల్స్‌లో ఎమ్‌డబ్ల్యూ, స్కాట్లండ్‌లో ఎమ్‌ఎమ్. మూడూ మూడు ఎంటిటీలు. స్లాష్ ఎటుందో చూడకపోతే ఎలా ఉంటుందో ఇక్కడే తెలుస్తుంది: ఎమ్‌ఎమ్ ముందుంటే స్కాట్లండ్, అదే ఎమ్‌ఎమ్ వెనకుంటే సముద్రంలో ఓడ మీద ఉన్నవాడు, డీఎక్స్‌సీసీలో ఏ దేశానికీ లెక్క రాడు. నువ్వు ఇంట్లో ఉండి ఇలాంటివాళ్ళని పట్టినప్పుడు కూడా విన్నది విన్నట్టే రాయి. సాఫ్ట్‌వేర్ దేశం తప్పు చూపిస్తే దేశం గడి దిద్దు గానీ కాల్‌లోంచి స్లాష్ చెరపకు.

కాంటాక్టు జరిగిందని పంపుకునే క్యూఎస్‌ఎల్ కార్డులకి క్యూఆర్‌జెడ్ వెబ్‌సైట్‌లో మూడు కాల్స్‌కీ పేజీలు పెట్టి, కార్డులు నీ మామూలు కాల్‌కి పంపమని రాసెయ్. ఎల్‌ఓటీడబ్ల్యూ సర్టిఫికెట్ల పీ12 బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాన్ని ల్యాప్‌టాప్ సంచీలో కాకుండా వేరే చోట పెట్టు.

అన్నట్టు టాహో సరస్సుకి పోతానన్నావు. దాని ఒడ్డు కొంత కాలిఫోర్నియా, కొంత నెవాడా. కారు ఎటువైపు ఆపావో చూసుకునే డబ్ల్యూ6 అనాలో డబ్ల్యూ7 అనాలో... యాంటెన్నా సంగతి కూడా రాద్దామనుకున్నా, నువ్వు తీసుకెళ్తున్న ఆ తీగకి కౌంటర్‌పాయిజ్ ఎంత... అయ్యో, రైలుకి టైమైపోయింది, ఆటో వచ్చేసింది. యాంటెన్నా మీద రేపు రాస్తా.

73 (శుభాకాంక్షలు),
శేఖర్