వార్షిక నివేదిక 2024–25: పిల్లల సాయంత్రపు ఆటలు, తమాయింపు

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన కాలనీ సంక్షేమ సంఘం చేసిన పనుల నివేదిక ఇది. వీధి దీపాలు మార్పించడం, కాలువ పూడిక తీయించడం, వినాయక చవితి పందిరి, వేసవి చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం, కోశాధికారి గారు సభలో చదివి వినిపిస్తారు. కుళాయి వేళల గురించి ఇచ్చిన అర్జీ ఇంకా పెండింగులోనే ఉంది.

ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఒక్క పని గురించే రాస్తున్నాం. సంఘం స్థలంలో మొదలుపెట్టిన పిల్లల సాయంత్రపు ఆటల గురించి. ఏడాదంతా మాకు ఎక్కువ ప్రశ్నలు వచ్చింది దాని మీదే, ఎక్కువ వాదనలు జరిగిందీ దాని మీదే.

ఎందుకు మొదలైంది

పోయిన సర్వసభ్య సమావేశంలో చర్చ ఎక్కడో మొదలై పిల్లల కోపం మీదకు మళ్ళింది. ఫోను లాక్కుంటే రిమోటు విసిరేసే పిల్లాడు, ఆటలో ఔటయితే అరగంట ఏడ్చే పిల్ల, స్కూలు వ్యాను దిగగానే తమ్ముణ్ణి గిల్లే అక్క. ఏ ఇంటి కథ ఆ ఇంటికి ఉంది. ‘ఊరుకో’ అంటే ఊరుకునే వయసు కాదది. పొంగుకొచ్చిన కోపాన్ని ఆపి ఆలోచించే పని మెదడు ముందు భాగానిది. అది పూర్తిగా ఎదిగేసరికి మనిషికి ఇరవై దాటి నాలుగైదేళ్ళు వస్తాయి. ఏడేళ్ళవాడికి మాటతో చెప్పడం దండగ అనడం లేదు గానీ, మాట ఒక్కటే చాలదు. కోపం వచ్చినప్పుడు గుండె దడదడలాడుతుంది, భుజాలు బిగుసుకుంటాయి, ఊపిరి పట్టేస్తుంది. ఇదంతా ఒంట్లో జరిగేదే కాబట్టి ఒంటి నుంచే మొదలుపెడదామని, డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మన సభ్యుడొకరు అన్నారు. ఫిజియోథెరపీ చేసే సభ్యురాలొకరు తోడొచ్చారు.

ఖర్చు పెద్దగా కాలేదు. పాత పెంకుటిల్లు విప్పించిన సభ్యుడు ఒక తాటి దూలం ఇచ్చారు. వడ్రంగి చేత చిత్రిక పట్టించి, పేడులు గుచ్చుకోకుండా నున్నగా చేయించి, సగం ఇసుకలో పాతాం. నేలకు జానెడు ఎత్తు మించదు, పడినా ఇసుకలోనే పడతారు. పాత టైర్లు, ఇసుక నింపిన చిన్న గోనె మూటలు, నిద్రగన్నేరు కొమ్మకు గట్టి తాళ్ళతో ఉయ్యాలలు వేశాం. రంగురంగుల ప్లాస్టిక్ జారుడుబల్ల కొందామని ఒక ప్రతిపాదన వచ్చింది. మన రోహిణి కార్తె ఎండలో దాని మీద ఎవరు జారతారో ప్రతిపాదించినవారు చెప్పలేదు.

బ్యాలెన్సుకూ కోపానికీ సంబంధం

‘ఏటి బాబూ, గుంటల్ని దూలం మీద నడిపిస్తే కోపం తగ్గిపోద్దేటి?’ అని ఒక పెద్దాయన మొదటి వారమే అడిగారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఫిజియోథెరపీ సభ్యురాలి చేత ఒక సాయంత్రం తల్లిదండ్రులకు చెప్పించాం. ఆవిడ చెప్పినదాని సారం ఇది.

లోపలి చెవిలో వినికిడి భాగం పక్కనే సమతూకం చూసుకునే భాగం ఉంటుంది. అందులో మూడు అర్ధవృత్తపు గొట్టాలు, వాటి నిండా ద్రవం. తల తిప్పినప్పుడు ఆ ద్రవం కదలికను బట్టి ఎటు తిరిగామో మెదడుకు తెలుస్తుంది. గొట్టాల మొదట్లో రెండు చిన్న సంచులు, వాటిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు. తల పక్కకు వంగిందా, లిఫ్టు పైకి పోతోందా, బస్సు ముందుకు దూకిందా అన్నది వాటి వల్ల తెలుస్తుంది. మేస్త్రీ చేతిలో ఉండే రసమట్టం లాంటిది మనకు పుట్టుకతోనే చెవిలో ఉందన్నమాట. కళ్ళు చూసేది, కండరాలకూ కీళ్ళకూ తెలిసేది కూడా దీనితో కలిపి మెదడు సరిచూసుకుంటుంది. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుంటే పెద్దవాళ్ళం కూడా తూలేది అందుకే. ఆ మాట చెప్పగానే కార్యవర్గ సభ్యులు లేచి ప్రయత్నించారు. ఫలితాలు ఇక్కడ రాయడం లేదు.

సమతూకం సంగతులు అందుకునే మెదడు కాండానికీ, భయాన్నీ ఆందోళననూ లేపే అమిగ్డలాకూ మధ్య నాడీ దారులున్నాయి. గుండె వేగాన్నీ కడుపులో తిప్పడాన్నీ నడిపే నాడులతో కూడా ఆ కాండానికి సంబంధం ఉంది. మేడ అంచు నుంచి కిందకు చూస్తే గుండె జల్లుమనడంలో ఈ దారులకూ పాత్ర ఉంది. తల తిరిగే జబ్బున్న వాళ్ళలో ఆందోళన కూడా ఎక్కువగా కనిపిస్తుందని డాక్టర్లు చాలాకాలంగా చెబుతున్నారు. చీర ఉయ్యాలలో మెల్లగా ఒకే లయలో ఊపితే పసిపిల్ల ఏడుపు మానుతుంది. కాస్త పెద్దయ్యాక అదే పిల్లను పట్టుకుని గిరగిరా తిప్పితే కేరింతలు కొట్టి రెచ్చిపోతుంది. ఒక కదలిక దించుతుంది, ఇంకొకటి ఎక్కిస్తుంది.

మా కార్యక్రమానికి ఆధారమైన మాట ఇదే. ఎప్పుడూ శాంతంగా కూర్చునే పిల్లల్ని తయారుచేయడం ఎవరి ఉద్దేశమూ కాదు. అలాంటి పిల్లలుంటే జ్వరం వచ్చిందేమోనని చూసుకోవాలి. ఎక్కిన వేడి దిగడం వాళ్ళకు అలవాటు కావాలి. దూలం మీద నడిచే పిల్లకు ప్రతి రెండడుగులకూ కొంచెం భయం పుడుతుంది, ఒళ్ళు తూలుతుంది, చేతులు చాచి సర్దుకుంటుంది, భయం తగ్గుతుంది. పడిపోతే లేచి మళ్ళీ ఎక్కుతుంది. చిన్న చిన్న మోతాదుల్లో, దెబ్బ తగలని చోట, ఎక్కడమూ దిగడమూ పదేపదే జరుగుతాయి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేసిన జీన్ ఎయిర్స్ 1960లు, 70లలో ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు కలుపుకునే తీరుకూ, పిల్లల ప్రవర్తనకూ, చదువుకూ ముడి వేస్తూ ఒక సిద్ధాంతం చెప్పారు. ఆ పేరుతో ఇప్పుడు చాలా థెరపీలు నడుస్తున్నాయి. వాటి మీద పరిశోధన పరిమితమేనని తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పాలని 2012లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ తమ సభ్యులకు సూచించింది. అయితే ‘ఆగు’, ‘కదులు’ తరహా ఆటలతో చిన్నపిల్లలకు తమను తాము ఆపుకునే శక్తి మెరుగవుతుందని చూపిన అధ్యయనాలు ఉన్నాయి. కాబట్టి మేం నడిపేది వైద్యం కాదు, ఆట. ఫీజు తీసుకుని ‘బ్రెయిన్ జిమ్’ అని బోర్డు పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు, వద్దన్నాం.

ఆట నడిచే తీరు

మాస్టారు ముందు బరువు పని పెడతారు. టైరుకు తాడు కట్టి లాగడం, గోనె మూట ఈ చివర నుంచి ఆ చివరకు మోయడం, ఇద్దరిద్దరు అరచేతులు ఆనించి తోసుకోవడం. లాగినా తోసినా కండరాలు, కీళ్ళ నుంచి మెదడుకు గట్టిగా సంకేతాలు వెళతాయి. స్కూలు నుంచి చిరాకుగా వచ్చిన పిల్లల్లో చాలామంది ఈ పనితోనే కుదుటపడుతున్నారు. ఆ తర్వాత దూలం. ఎదురుగా గోడ మీద సున్నంతో ఒక చుక్క పెట్టాం. చూపు దాని మీదే నిలపాలి. కాళ్ళు చూసుకుంటూ నడిచేవాళ్ళు త్వరగా పడతారని పిల్లలే కనిపెట్టి, కొత్తగా వచ్చినవాళ్ళకు చెబుతున్నారు.

తర్వాత డప్పు. మోగినంతసేపూ గెంతాలి, ఆగగానే ఉన్నచోటే కదలకుండా నిలబడాలి. ఒక సాయంత్రం దగ్గర్లోని పల్లె నుంచి తప్పెటగుళ్ళ కళాకారుడు వచ్చారు. రొమ్ముకు కట్టుకున్న తప్పెట మీద దరువు పెంచుకుంటూ పోయి, పిల్లలంతా ఊగిపోతున్న వేళ మెల్లమెల్లగా తగ్గించారు. పిల్లల అడుగులు, ఆయాసం, అరుపులు కూడా దరువుతోపాటే తగ్గాయి. అంత గోలను అంత నెమ్మదిగా దించడం మా వల్ల అయ్యే పని కాదు. వచ్చే ఏడాది ఆయనను నెలకోసారి పిలవాలని, పారితోషికం ఇవ్వాలని కార్యవర్గం అభిప్రాయం.

చివర ఉయ్యాలలు, ఊపిరి. కాగితపు గాలిచక్రాన్ని వీలైనంత సేపు తిరిగేలా ఊదాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అది మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి చేసే పని. అందుకని పీల్చేదానికంటే వదిలేది పొడవుగా ఉండాలి. చిన్నపిల్లలకు ప్రాణాయామం అంటే నవ్వుతారు, గాలిచక్రం అంటే పోటీ పడతారు.

వానాకాలంలో ఆటలు కమ్యూనిటీ హాల్లోకి మారాయి, కుర్చీలు జరపడానికే సగం సమయం పోయింది. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ, చూసి వచ్చిన పిల్లలు వారం రోజులు అదే ఆట, ఇంకే ఆటా ఆడలేదు. ఒక బల్లచెక్కను నలుగురు నడుముల ఎత్తున పట్టుకుని మోస్తే, పైన కూర్చున్నవాడు కదలకూడదు, నవ్వకూడదు. మాస్టారు పక్కనే ఉండి ఆడనిచ్చారు. అందరికన్నా కుదురులేని పిల్లాడే పూజారిగా కూర్చుంటానని పట్టుబట్టాడు. కూర్చున్నాడు కూడా, స్థలం చుట్టూ తిప్పినంతసేపూ.

మార్పు ఎంత వచ్చింది అని సభ్యులు అడుగుతారు. లెక్కలు కట్టలేదు, కట్టినా నమ్మదగ్గవి కావు, ఎందుకంటే ఏడాదిలో పిల్లలు ఎలాగూ ఎదుగుతారు. తల్లులు చెప్పినవి రాస్తున్నాం. హోంవర్కు ముందు గోల తగ్గిందన్నారు. ఒక అబ్బాయి కోపం వస్తే డాబా మెట్లు ఎక్కి దిగి వస్తున్నాడట, ఎవరూ చెప్పకుండానే. తేడా ఏమీ కనబడలేదని కూడా కొందరన్నారు. ఒకరైతే ఆకలి మాత్రం పెరిగిందన్నారు.

పెద్దల గురించి

మాకు ఎక్కువ కష్టమైంది పిల్లలతో కాదు, చుట్టూ బెంచీల మీద కూర్చున్న పెద్దలతో. ‘పడతావ్, పడతావ్’ అని ఒకరు, ‘పక్కింటి పిల్ల చూడు ఎలా నడుస్తోందో’ అని ఇంకొకరు. చిన్నపిల్లలు ఒంటరిగా తమాయించుకోలేరు. పక్కనున్న పెద్దవాళ్ళ గొంతు, ముఖం, ఊపిరి చూసి తమది సర్దుకుంటారు. దూలం మీద పిల్ల తూలినప్పుడు అమ్మ కేక పెడితే, ఆ పిల్లకు తూలడం కంటే కేకే పెద్ద భయం. అందుకే దూలానికి పది అడుగుల దూరంలో ఇటుకలతో ఒక గీత పెట్టి, పెద్దలు దాని అవతలే ఉండాలని నియమం చేశాం. కొందరు నొచ్చుకున్నారు. నియమం మాత్రం కొనసాగుతుంది.

ఆటల్లో పోటీలు పెట్టి కప్పులు ఇవ్వాలని గట్టిగా కోరినవారూ ఉన్నారు. మన విజయనగరంలో తాలింఖానా (వ్యాయామశాల) నడిపిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు, 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగులో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి పేరు చెప్పి, పిల్లలకు పట్టుదల రావాలంటే పోటీ ఉండాలన్నారు. ఆ ఇద్దరి మీదా మాకూ గౌరవమే. కానీ దూలం దగ్గర గెలుపోటములు పెడితే, ఓడిపోతే తట్టుకోలేని పిల్లలే ముందుగా మానేస్తారు. అసలు ఇది మొదలుపెట్టింది వాళ్ళ కోసమే. పోటీలు సంక్రాంతికి ముగ్గులకూ కబడ్డీకీ ఎలాగూ ఉన్నాయి.

ట్యూషన్ వేళకు అడ్డం వస్తోందన్న అభ్యంతరానికి ఒక్కటే జవాబు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఓ మోస్తరు నుంచి గట్టి శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మనం ఇస్తున్నది అందులో కొంత భాగమే. తొక్కుడుబిళ్ళ, కోతికొమ్మచ్చి, నాలుగు స్తంభాలాట ఆడుకునే వీధులు మనకు ఉండేవి కాబట్టి మన అమ్మానాన్నలకు ఇలాంటి నివేదిక రాయాల్సిన అవసరం రాలేదు.

జాగ్రత్తలు రెండు. మూర్ఛ, తరచూ చెవి నొప్పి, తల తిరగడం ఉన్న పిల్లల్ని డాక్టరును అడిగాకే పంపండి. మాట ఆలస్యం, నడక ఆలస్యం, పిలిస్తే పలకకపోవడం, అదుపులేని కోపంతో తనను తాను కొట్టుకోవడం వంటివి ఉంటే మా ఆటల మీద ఆధారపడవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అంగన్‌వాడీలో గానీ, ఆశా కార్యకర్తను గానీ అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు.

సభ ముందుకు వచ్చే అంశాలు

ఇసుక ఎండకు గట్టిపడింది, పిల్లుల బెడద కూడా ఉంది. తొలకరికి ముందే కొత్త ఇసుక పోయించాలి, రాత్రిళ్ళు కప్పడానికి టార్పాలిన్ కొనాలి. ఉయ్యాల తాళ్ళు మార్చాలి. దూలానికి ఒక చివర చెద పట్టినట్టుంది, వడ్రంగికి చూపిస్తున్నాం.

స్థలంలో తూర్పు మూలను కార్ల పార్కింగుకు ఇవ్వాలని కొందరు సభ్యులు రాతపూర్వకంగా కోరారు. ఉయ్యాలల చెట్టు ఉన్నది ఆ మూలలోనే. కార్యవర్గంలో దీని మీద ఏకాభిప్రాయం లేదు. కార్లున్న కార్యవర్గ సభ్యులు కూడా రెండు వైపులా ఉన్నారు. సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తీర్మానం చేయాలి. రాలేనివారు కనీసం ఇంటికొకరినైనా పంపండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి